సేల్స్‌కి తేదీ కావాలి, ఇంజినీర్లకు క్లారిటీ కావాలి, నా దగ్గర రెండూ లేవు

ఆవకాయ_బ్యాక్‌లాగ్:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దదైంది, ఏమనుకోకండి.

అయిదేళ్లు డెవలపర్‌గా చేసి పద్నాలుగు నెలల కిందట ప్రోడక్ట్ మేనేజర్‌నయ్యాను, అంటే యాప్‌లో ఏం కట్టాలో తేల్చే పని. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో చిన్న కంపెనీ. సబ్బులు, బిస్కెట్లు, షాంపూ ప్యాకెట్లు కిరాణా కొట్లకు వేసే డిస్ట్రిబ్యూటర్లకు మేం యాప్ అమ్ముతాం. వాళ్ల సేల్స్‌మ్యాన్ కొట్టుకెళ్లి ఫోన్‌లో ఆర్డరు కొడతాడు, అది గోడౌన్‌కి చేరుతుంది, మర్నాడు సరుకు దిగుతుంది.

ఇప్పుడు నా మెడకు చుట్టుకున్నది ఆఫ్‌లైన్ ఆర్డర్లు. పాత పేటల్లో, ఇరుకు సందుల్లో సిగ్నల్ ఉండదు. నెట్ లేకపోయినా ఆర్డరు తీసుకోగలగాలి, సిగ్నల్ రాగానే దానంతటదే పైకి వెళ్లిపోవాలి. వినడానికి ఇంతే. మా సేల్స్ హెడ్ తమిళనాడులో ఒక పెద్ద డిస్ట్రిబ్యూటర్‌కి "నెలాఖరుకల్లా ఇచ్చేస్తాం" అని మాటిచ్చేశారు, నన్ను ఒక్క మాట అడక్కుండా. ఇంజినీర్లేమో "ముందు నువ్వు మూడు విషయాలు తేల్చు, ఎన్నాళ్లు పడుతుందో అప్పుడు చెప్తాం" అంటున్నారు. ఆ మూడూ స్టాకు, రేటు, అప్పు. గోడౌన్‌లో నలభై కేసులుంటే, ఇద్దరు సేల్స్‌మెన్ నెట్ లేకుండా చెరో ముప్పై అమ్మేస్తే ఎవరిది చెల్లుతుంది? పొద్దున ఫోన్‌లోకి దిగిన డిస్కౌంటు స్కీము మధ్యాహ్నానికి మారిపోతే కొట్టాయనకు ఏ రేటు వెయ్యాలి? అప్పు పరిమితి దాటిన కొట్టుకు ఆర్డరు అక్కడే ఆపాలా, తీసుకుని గోడౌన్‌లో ఆపాలా? నాకు నిజంగా తెలీదు. కస్టమర్లను అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. అందులో ఒకాయన పొద్దున ఒకటి చెప్పి సాయంత్రం ఫోన్ చేసి ఇంకోటి చెప్పాడు.

దీనికి ముందు తగిలిన దెబ్బే ఇంకా మానలేదు. జీఎస్టీ రేట్లు మారుస్తున్నట్టు 2025 సెప్టెంబరు 3న కౌన్సిల్ ప్రకటించింది, 22 నుంచి అమలన్నారు. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, బిస్కెట్లు 18 శాతం నుంచి 5కి దిగాయి. మా కస్టమర్ల గోడౌన్లలో ఉండేదే ఆ సరుకు! జనానికి మంచిదే, కాదన్లేదు, కానీ 21 రాత్రి పాత రేటు చూపించి తీసుకున్న ఆర్డరుకు 22 పొద్దున కొత్త రేటుతో బిల్లు కొట్టాలి, కొట్టాయనేమో "నిన్న ఒకటన్నావు, ఇవాళ ఒకటా" అని సేల్స్‌మ్యాన్‌ని నిలదీస్తాడు, సేల్స్‌మ్యాన్ డిస్ట్రిబ్యూటర్‌ని, ఆయన మమ్మల్ని. ఆ త్రైమాసికంలో ఏది ఎప్పుడు కట్టాలో నేను గీసుకున్న రోడ్‌మ్యాప్‌లో ఒక్కటీ మిగల్లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, మా రోడ్‌మ్యాప్ షీటు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

ఆదివారం సాయంత్రం ఆరయ్యేసరికి కడుపులో తిప్పడం మొదలవుతోంది. మీటింగులో ఎవరైనా "ఎప్పటికవుతుంది" అనగానే నోట్లోంచి ఒక తేదీ ఊడిపడుతుంది, అది ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలీదు. డెవలపర్‌గా ఉన్నప్పుడు తప్పు చేస్తే వెంటనే ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ కనిపించేది. ఇక్కడ తప్పు చేశానని ఆరునెలలకు గానీ తెలియట్లేదు. అప్పటికి ఎవరికీ గుర్తుండదు, నాకు తప్ప.

మీరంతా సగం సగం తెలిసి ఎలా నిర్ణయాలు తీసుకుంటున్నారు? ఈ టెన్షన్ కొన్నాళ్లకు తగ్గుతుందా? లేక మళ్లీ కోడ్ రాసుకోవడానికి వెళ్లిపోవడం మంచిదా?


మారతహళ్లి_మెస్:

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఈ ఉద్యోగానికి జాబ్ డిస్క్రిప్షన్ మన పెద్దవాళ్లు ఎప్పుడో రాసిపెట్టారు బ్రో. నా దగ్గర సలహా ఏం లేదు, తోడున్నానని చెప్దామని.


సిల్క్‌బోర్డ్_ఖైదీ:

తమ్ముడూ, తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఎక్కువ భాగం పేమెంట్స్‌లో. నిజం చెప్పాలంటే టెన్షన్ తగ్గదు, కాకపోతే దేనికి పడాలో దేనికి అక్కర్లేదో కొంత తెలుస్తుంది.

ఒక సంగతి చెప్తా. 2021లో ప్రతి నెలా కార్డు నుంచి డబ్బు కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్ల మీద పనిచేస్తున్నా. రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధన పెట్టింది. డబ్బు కట్ అవ్వడానికి కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కి మెసేజ్ వెళ్లాలి, 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడగాలి. గడువు మార్చి 31. మా వైపు సిద్ధంగా ఉన్నాం గానీ కొన్ని బ్యాంకుల వైపు కాలేదు, అవి ఎప్పటికవుతాయో ఎవరూ చెప్పరు. రోజూ పది ఫోన్లు, పది మందీ "అవుతోంది సార్" అనేవాళ్లే. 31న ఆఫీసు వాళ్లమంతా ఎవరింట్లో వాళ్లం ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని ఉన్నాం, కోవిడ్ రోజులు కదా. ఆ రోజే రిజర్వ్ బ్యాంక్ గడువును సెప్టెంబరు 30కి పొడిగించింది. నెల రోజుల నిద్ర ఒక్క సర్క్యులర్‌తో వృథా అయిపోయింది, సంతోషపడాలో ఏడవాలో అర్థం కాలేదు. మా ఆవిడ అయితే "ఇంతకీ పొడిగిస్తారని మీలో ఒక్కరికీ అనుమానం రాలేదా" అంది. వచ్చింది. కానీ ఎవరూ పైకి అనలేదు, అంటే పని ఆపేస్తారని భయం.

ఆ గొడవలో ఒక్కటి మాత్రం బాగా జరిగింది, అందులో నా గొప్ప ఏం లేదు. మా టీమ్‌లో ఒక కుర్రాడు "సార్, ఈ 5,000 అంకెను కోడ్‌లో రాయొద్దు, ఇది మారేదే" అని పట్టుబట్టి దాన్ని సెట్టింగ్‌లో పెట్టించాడు. నేను ఆ రోజు విసుక్కున్నాను కూడా. 2022 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ ఆ పరిమితిని 15,000 చేసింది. మాకది టీ తాగినంతసేపటి పని అయింది. ఆ కుర్రాడికి పరిమితి పెరుగుతుందో తగ్గుతుందో ఏం తెలీదు, అది కదిలే వస్తువు అన్నది ఒక్కటే తెలుసు. నువ్వు "ఏది జరుగుతుంది" అని తల బద్దలుకొట్టుకుంటున్నావు. "ఏది కదులుతుంది, ఏది కదలదు" అని అడుగు, ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు దొరుకుతుంది.

నీ మూడింట్లో రేటు కదిలేదే, సెప్టెంబరులో నువ్వే చూశావు. అంటే ఆఫ్‌లైన్ ఆర్డర్లో రేటును ఖాయం చెయ్యకు. "బిల్లు నాటి రేటు వర్తిస్తుంది" అని తెరమీద పెద్దక్షరాల్లో వేసెయ్. అప్పు పరిమితి ఒక్కో డిస్ట్రిబ్యూటర్‌కి ఒక్కోలా ఉంటుంది, అది సెట్టింగ్. అలాగని అన్నీ సెట్టింగులు చేసెయ్యకు, విమానం కాక్‌పిట్‌లా తయారై వాడేవాడు పారిపోతాడు. మా దగ్గర ఒక స్క్రీన్ అలాగే అయింది, దాని గురించి ఇంకోసారి.

ఇంకోటి. అమెజాన్ జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో ఒక మాట ఉంది, వెళ్లి నచ్చకపోతే వెనక్కి రాగలిగే తలుపులు కొన్ని, వెళ్తే రాలేనివి కొన్ని అని. మొదటి రకం నిర్ణయాలు చకచకా తీసుకోండి, రెండో రకానికి ఆగండి అంటాడు. మన ఊళ్లో ప్రతి స్టార్టప్‌లోనూ ఇది వల్లిస్తారు, వల్లించి ప్రతిదాన్నీ మొదటి రకంలో వేసేస్తారు. కోడ్ వెనక్కి తీసుకోవచ్చు. కస్టమర్‌కి మెయిల్లో పంపిన తేదీని తీసుకోలేవు. మీ సేల్స్ హెడ్ దాటింది రెండో తలుపు, కాబట్టి ముందు ఆయనతో మాట్లాడు, ఇంజినీర్లతో తర్వాత.


కోడ్_కూలీ:

ఇంజినీరింగ్ వైపు నుంచి చెప్తున్నా, కాస్త ఘాటుగా ఉంటే క్షమించు. మీ పీఎంలకు, అదే ప్రోడక్ట్ మేనేజర్లకు, తెలీకపోవడం వల్ల మాకెప్పుడూ ఇబ్బంది లేదు. తెలిసినట్టు రాయడం వల్లే మా శనివారాలు పోతున్నాయి.

పాత ఆఫీసులో ఒక పీఎం పద్నాలుగు పేజీల స్పెక్ ఇచ్చాడు, అంటే ఏం కట్టాలో వివరంగా రాసిన డాక్యుమెంటు. చక్కటి ఇంగ్లిష్, ఎక్కడా తడబాటు లేదు. రెండు నెలలు కష్టపడి కట్టాం. చివరికి తేలిందేంటంటే తొమ్మిదో పేజీలో "యూజర్ ఒకసారికి ఒక అడ్రస్సే ఇస్తాడు" అన్న వాక్యం ఆయన ఊహ. ఎవర్నీ అడగలేదు, అలా ఉంటుందిలే అనుకుని రాసేశాడు. మేమేమో దాని మీదే డేటాబేస్ మొత్తం నిలబెట్టాం. ఆ వాక్యం ఊహ అని ఒక్క ముక్క పక్కన రాసుంటే ఆ టేబుల్‌ని వేరేలా పెట్టేవాళ్లం, అప్పుడైతే ఒక పూట పని, తర్వాత మార్చడానికి మూడు వారాలు పట్టింది.

ఇప్పుడున్న టీమ్‌లో నేను పెట్టిన షరతు ఒక్కటే. స్పెక్‌లో ఊహ అయిన ప్రతి వాక్యానికీ పసుపు రంగు వెయ్యాలి. మొదట్లో మా పీఎం మొహమాటపడి రెండు మూడు వాక్యాలకు వేసింది. నాలుగో డాక్యుమెంటు వచ్చేసరికి పండగనాడు గడపకు పూసినట్టు మొత్తం పసుపే. మేం నవ్వలేదు, నిజానికి ఆ స్పెక్‌కే అందరం మొదటిసారి సరైన ప్రశ్నలు అడిగాం. పసుపు ఉన్నచోట గట్టి పునాది వెయ్యం, తాత్కాలికంగా కడతాం. తేలగానే ఆవిడ పసుపు తీసేస్తుంది.

నీ మూడు ప్రశ్నల సంగతి. "తేల్చి రా" అన్నారంటే మీవాళ్లు నిన్ను సతాయించడానికి అని ఉండరు, నువ్వు తేలినట్టు రాసుకొస్తావని భయపడుతున్నారు. "తేలలేదు, రెండు రోజులివ్వండి, ఇద్దరు సేల్స్‌మెన్ ఒకే సరుకు అమ్మితే ఏమవుతుందో ఒక ఉత్తుత్తి నమూనా కట్టి చూద్దాం, తర్వాత పారేద్దాం" అని అడిగి చూడు. ఇంజినీరుకు ఇంతకంటే ఇష్టమైన మాట లేదు. కానీ రెండు రోజులంటే రెండు రోజులే, మూడో రోజు ఆ నమూనానే కస్టమర్‌కి ఇచ్చేద్దామంటే నీకూ నాకూ చెడుతుంది.

అంచనా కూడా ఒక తేదీగా అడక్కు. "అంతా కలిసొస్తే ఎన్నాళ్లు, ఏదీ కలిసిరాకపోతే ఎన్నాళ్లు" అని అడుగు. మూడు వారాల నుంచి ఎనిమిది వారాలు అన్నారనుకో, ఆ తేడా అయిదు వారాలు కదా, ఆ అయిదు వారాలు ఎందుకొచ్చాయో కూపీ లాగు. సాధారణంగా ఒకటో రెండో పసుపు వాక్యాలుంటాయి దాని కింద.

ఇంకా గురువారం రాత్రి పదకొండింటికి ఆఫీసు చాట్ స్లాక్‌లో "చిన్న మార్పు" అని మెసేజ్ పెట్టే అలవాటుంటే మానుకో. చిన్నదా పెద్దదా మేం చెప్తాం.


గాజువాక_అమ్మాయి:

మాది విశాఖ, ఆరేళ్లుగా చెన్నైలో, ఓఎంఆర్‌లో ఆఫీసు. కోడ్_కూలీ గారి పసుపు ఐడియా సోమవారం నుంచి మా టీమ్‌లో పెడుతున్నాను, థాంక్స్ అండీ.

పసుపు ఇంజినీర్లకు పనికొస్తుంది. పైవాళ్లకూ సేల్స్‌కూ వేరే భాష కావాలి. నేను ఆ భాషను వాతావరణ శాఖ నుంచి ఎత్తుకొచ్చాను, నవ్వకండి.

2014లో హుద్‌హుద్ అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. అక్టోబరు 12న విశాఖ దగ్గరే తీరం దాటింది. దానికి ముందు రోజుల్లో మా నాన్న టీవీలో చూసిందేంటో గుర్తుందా మీకు? మధ్యలో ఒక గీత, ఆ గీతకు రెండు వైపులా వెడల్పయ్యే తెల్లటి నీడ. దగ్గరి రోజుకు సన్నగా, దూరం పోయేకొద్దీ వెడల్పుగా. తుఫాను ఫలానా వీధి మీదుగా వెళ్తుందని ఎవరూ చెప్పలేదు. అయినా నాన్న డ్రమ్ములు నింపారు, బియ్యం తెచ్చారు, డాబా మీద రేకులకు తాళ్లు కట్టారు. ఎక్కడ దాటుతుందో ఖాయంగా తెలిసే దాకా ఆగుంటే ఆ పనులు చేసేందుకు టైమే ఉండేది కాదు. రేకులు ఎలాగూ ఎగిరిపోయాయి, అది వేరే సంగతి, తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోయినా నీళ్లకు మాత్రం ఇబ్బంది పడలేదు.

మన కోస్తా వాళ్లకు ఈ భాష ఒంట్లోనే ఉంది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను. ఓడరేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే జాలర్లు కంగారుపడరు, ఓ కన్నేసి ఉంచుతారు. నంబరు పెరిగేకొద్దీ ఏం చెయ్యాలో ఎవరూ మళ్లీ చెప్పనక్కర్లేదు. అల్పపీడనాలు చాలావరకు తుఫాన్లు కావు, సముద్రంలోనే నీరసించిపోతాయి, అలాగని వాతావరణ శాఖ తప్పు చెప్పిందని ఎవరూ తిట్టరు. ఎందుకంటే వాళ్లు చెప్పింది అల్పపీడనం అనే.

మా రోడ్‌మ్యాప్‌లో తేదీ పక్కన ఈ మాటలే రాస్తాం, మూడేళ్లయింది. అల్పపీడనం అంటే ఆలోచన మాత్రమే, సేల్స్ వాళ్లు బయట నోరెత్తకూడదు. వాయుగుండం అంటే కడుతున్నాం, నెల చెప్పొచ్చు, రోజు చెప్పకూడదు. తుఫాను అంటే తేదీ ఉంది, ఇక ట్రైనింగు వీడియోలు చేసుకోండి అని. తమిళ కొలీగ్స్‌కి వివరించాల్సిన పనే పడలేదు, ప్రతి ఏడూ నవంబరు డిసెంబరు వస్తే చెన్నై అంతా ఆ బులెటిన్లే చూస్తుంది. ఇంకో సంగతి, తుఫాను ఏర్పడ్డాక బులెటిన్ మూడు గంటలకోసారి ఇస్తూనే ఉంటారు, మార్పు లేకపోయినా ఇస్తారు. నేనూ ప్రతి శుక్రవారం నాలుగు లైన్లు పంపిస్తాను, కొత్త సంగతేం లేకపోతే "మార్పు లేదు" అని పంపిస్తాను. అది మొదలుపెట్టాక వారం మధ్యలో "ఏమైంది" అనే ఫోన్లు సగానికి పైగా ఆగిపోయాయి.

ఒక పని అయితే చెయ్యండి తప్పకుండా. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు 2007లో రాసిన పద్ధతి, మొదలుపెట్టకముందే "ఈ ప్రాజెక్టు ఘోరంగా ఫెయిలైంది అనుకుందాం, ఎందుకైందో ఎవరికి వాళ్లు కాగితం మీద రాయండి" అని టీమ్‌ని కూర్చోబెట్టడం. మా అమ్మకు చెప్తే "శుభమా అని మొదలెడుతూ ఆ అపశకునం మాటలేంటే" అంది. మొదటిసారి మా వాళ్లూ అలాగే ముడుచుకుపోయారు, జూనియర్ టెస్టర్ ఒకమ్మాయి రాసిన చీటీ మాత్రం ఇంకా నా డెస్కులో ఉంది. "మనం కట్టింది బాగుంది, కానీ వాడేవాళ్ల ఫోన్లో స్టోరేజీ లేదు." ఆ అమ్మాయి చెప్పిందే జరగబోయింది, ముందే తెలిసింది కాబట్టి తప్పించుకున్నాం. మామూలు మీటింగులో ఆ పిల్ల నోరు తెరిచేది కాదు.


సిల్క్‌బోర్డ్_ఖైదీ:

గాజువాక అమ్మాయ్ గారూ, ఐడియా నచ్చింది గానీ మా సీఈఓ లాంటివాళ్లకు వాయుగుండం అంటే "అదంతా సరే, తేదీ చెప్పు" అంటారు. ఆయనకు నీడ అక్కర్లేదు, గీతే కావాలి.


గాజువాక_అమ్మాయి:

తేదీ ఇవ్వండన్నా, ఇవ్వొద్దని ఎవరన్నారు. తేదీతో పాటు "ఇది వాయుగుండం స్థాయి తేదీ" అనండి. ఆయన బోర్డుకి తుఫాను అని చెప్పుకుంటే అది ఆయన బాధ్యత అవుతుంది. మెయిల్లో ఉంటే ఇంకా మంచిది.


సిల్క్‌బోర్డ్_ఖైదీ:

హహ, సరే ఒప్పుకున్నా. మా బెంగళూరు ఎల్లో లైన్ మెట్రో గుర్తొచ్చింది. ట్రాక్ సిద్ధం, స్టేషన్లు సిద్ధం, రైళ్లే రాక ఏళ్ల తరబడి ఖాళీ పిల్లర్ల కింద ట్రాఫిక్‌లో కూర్చున్నాం. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అన్నన్నాళ్లూ రక్తం ఉడికిపోయేది. 2025 ఆగస్టులో తెరిచినప్పుడు మూడంటే మూడే రైళ్లు, 25 నిమిషాలకొకటి. అంత సేపా అని తిట్టుకున్నాం, కానీ 25 అని చెప్పారు కాబట్టి నేను ఇంట్లోంచి ఆ లెక్క చూసుకునే బయల్దేరేవాణ్ని. తెలిసిన 25 నిమిషాలకు బీపీ పెరగలేదు నాకు.


నిద్రలేని_పీఎం:

అందరూ పని గురించి చెప్పారు, నేను ఆ ఆదివారం సాయంత్రం గురించి చెప్తాను, ఎందుకంటే నాకూ అలాగే మొదలైంది.

నాకు ముందు ఆదివారం సాయంత్రం, తర్వాత ఆదివారమంతా, ఆ తర్వాత శనివారం రాత్రి నుంచే. తెల్లవారుజామున మూడింటికి లేచి ఫోన్ చూసేదాన్ని, మెసేజ్ ఉంటే భయం, లేకపోతే ఇంకా భయం. ఎనిమిది నెలలు దీన్ని "ప్రోడక్ట్ అంటే ఇంతే" అనుకుని లాగించాను. లంచ్‌కి ఎవరో మామూలుగా "లాంచ్ ఎప్పుడు" అంటే ఏడుపొచ్చేసింది, మెట్ల దగ్గరకు పోయి కూర్చున్నాను. అప్పుడు డాక్టర్ దగ్గరికెళ్లాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి కాదు, "నిద్ర ఎన్నాళ్ల నుంచి లేదు" అని.

డాక్టరు దాకా వెళ్లాలనిపించకపోతే టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. 2022 అక్టోబరులో మొదలైంది, మన బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే దానికి ప్రధాన కేంద్రం. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులేం తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. నేను ఒకసారి చేశాను. అవతలి ఆవిడ తెలుగులో "చెప్పమ్మా" అన్నది చాలు, సగం భారం దిగింది.

పని గురించిన భయానికి నాకు పనికొచ్చింది ఒక్కటే. ఆదివారం అయిదింటికి పావుగంట కూర్చుని, ఈ వారం నన్ను భయపెడుతున్నవన్నీ చేత్తో కాగితం మీద రాస్తాను. ఏది ఎప్పుడు తేలుతుందో పక్కన రాస్తాను. బుధవారం తేలేదాని గురించి ఆదివారం చెయ్యగలిగిందేం ఉండదు కదా. ఉత్త మాటలా ఉంటుంది గానీ కాగితం మీద ఉంటే తలలో తిరగడం తగ్గింది. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పను. నీ పోస్టులో ఆ ఆదివారం పేరా మాత్రం నవ్వుకుని వదిలేసేది కాదు తమ్ముడూ.


ఆవకాయ_బ్యాక్‌లాగ్:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, అందరికీ చాలా చాలా థాంక్స్. అక్కా, మీ మాట విని డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, వచ్చే వారం.

మీ పోస్టులు చదివాక ముందు స్పెక్‌కి పసుపు వేశాను. వేసి చూస్తే అర్థమైంది, పసుపంతా ఒకే చోట ఉంది, సేల్స్‌మ్యాన్ కొట్టులో నిలబడి ఏం చేస్తాడన్న దగ్గర. పద్నాలుగు నెలల్లో నేను వాళ్లతో ఒక్క రోజు తిరగలేదు! సిగ్గుపడి ఒక బెంగళూరు కస్టమర్‌ని అడిగి, వాళ్ల సేల్స్‌మ్యాన్ బండి వెనక కూర్చుని శివాజీనగర్ సందుల్లో ఒక పూట తిరిగాను.

మొదటి కొట్టులోనే నా తలకాయ తిరిగింది. ఆయన ఫోన్ జేబులోంచి తీయనే లేదు. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు, చెవి మీది పెన్ను తీశాడు, కొట్టాయన కస్టమర్లకు పప్పులు తూస్తూ మధ్యమధ్యలో చెప్పేవన్నీ రాసుకున్నాడు. "సబ్బు రెండు, ఆ పెద్దది కాదు, పదిది." అలా పదకొండు కొట్లు. ఒంటిగంటకు సిగ్నల్ బాగా వచ్చే ఒక టీ కొట్టు దగ్గర ఆగి, టీ చెప్పి, పుస్తకం చూసి అన్నీ యాప్‌లో కొట్టేశాడు. మేం కట్టాలనుకుంటున్న ఆఫ్‌లైన్ మోడ్ ఆయన జేబులో ఎప్పట్నుంచో ఉంది, అరవై పేజీలది.

నా వచ్చీరాని కన్నడలో స్టాకు సంగతి అడిగాను. నవ్వాడు. సరుకు చాలకపోతే గోడౌన్ వాళ్లే అందరికీ కొంచెం కొంచెం కోసి పంపుతారట, ముప్పై అడిగితే ఇరవై రావడం మామూలేనట, కొట్టాయనకూ తెలుసట. నేను రాత్రుళ్లు కూర్చుని గింజుకున్న ప్రశ్న వాళ్లకసలు ప్రశ్నే కాదు. ఆయన అడిగింది వేరే. కొట్టు ముందు నిలబడ్డప్పుడు ఆ కొట్టు పాత బాకీ ఎంతో నెట్ లేకపోయినా కనిపిస్తే చాలు, ఇప్పుడు అది తెలీక మొహమాటానికి ఆర్డరు రాసుకుని తర్వాత ఓనరు చేత తిట్లు తింటున్నాడు.

సేల్స్ హెడ్‌తో కూర్చున్నాను. వాయుగుండం అంటే ఆయన కాసేపు నన్ను అదోలా చూశారు, తర్వాత "కస్టమర్‌కి ఆ మాట రాయలేను గానీ అర్థమైంది" అన్నారు. ఇద్దరం కలిసే మెయిల్ రాశాం. నెలాఖరుకి రెండు రూట్ల సేల్స్‌మెన్‌కి మాత్రం, ఆఫ్‌లైన్‌లో ఆర్డరు రాసుకోవడం, పాత బాకీ కనిపించడం. రేటు బిల్లు నాటిదే. మిగతా రూట్ల సంగతి ఆ రెండు రూట్లలో పదిహేను రోజులు నడిచాక చెప్తాం. కస్టమర్ దగ్గర్నుంచి "ఓకే" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. అది సంతోషంతో అన్న ఓకేనా, కోపంతో అన్న ఓకేనా అన్నది మాకు ఇంకా తేలలేదు, సేల్స్ హెడ్ మొదటిదంటారు, నేను రెండోదంటాను.

అప్పు పరిమితి మాత్రం ఇంకా పసుపులోనే ఉంది. ఆర్డరు కొట్టులోనే ఆపితే సేల్స్‌మ్యాన్‌కి తలవంపులు, గోడౌన్‌లో ఆపితే మర్నాడు సరుకు రాక కొట్టాయన పోటీ కంపెనీకి పోతాడు. డిస్ట్రిబ్యూషన్ వ్యాపారం దగ్గర్నుంచి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.


మారతహళ్లి_మెస్:

మొన్న సలహా లేదన్నా గానీ ఇప్పుడు ఉండేట్టుంది. మా నాన్నకు తెనాలిలో బిస్కెట్ల ఏజెన్సీ, ముప్పై ఏళ్లుగా ఇదే గొడవ ఇంట్లో వింటూ పెరిగా. రాత్రికి ఫోన్ చేసి అడిగి చెప్తా. ఆయన మొదట అడిగేది ఒకటే, మీ వాళ్లు పరిమితి అంటున్నది డబ్బు లెక్కా, రోజుల లెక్కా?


ఆవకాయ_బ్యాక్‌లాగ్:

యాప్‌లో డబ్బు లెక్క పెట్టాం బ్రో. రోజుల లెక్క కూడా ఉంటుందా?


మారతహళ్లి_మెస్:

ఆగు, ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.